డాలరు పౌండయిన ఉత్తరం

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. షిఫ్టుల వల్ల వినడం కుదరనివాళ్ళు తీరిగ్గా చదువుకోవచ్చు.)

డ్యూటీ దిగి బస్సులో ఉన్నారో, రూములో అన్నం పొయ్యి మీద పెట్టి వింటున్నారో, అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను.

పోయినవారం మస్కట్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, కొత్త కంపెనీవాళ్ళు అపాయింట్‌మెంట్ లెటర్ మెయిల్ చేశామంటున్నారు. నా ఫోన్‌లో చూస్తే విన్‌మెయిల్ డాట్ డీఏటీ అని ఏదో ఫైలుంది. తెరుచుకోదు. వాళ్ళని అడిగితే మా దగ్గర బాగానే కనబడుతోంది అంటారు. నేను అబద్ధమాడుతున్నానని అనుకుంటున్నారు" అని. ఆ మాట విని నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఎందుకంటే "మా దగ్గర బాగానే కనబడుతోంది" అనే మాట నేను ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో, అంటే దాదాపు ముప్ఫయ్యేళ్ళ కిందట, రోజుకి నాలుగుసార్లు వినేవాణ్ణి. ఆ తమ్ముడికి విరుగుడు తరవాత చెబుతాను. ముందు జబ్బు ఎక్కడ పుట్టిందో చెప్పనివ్వండి.

వై టూ కె రోజులు మీలో పెద్దవాళ్ళకి గుర్తుంటాయి. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని విమానం ఎక్కేసినవాళ్ళం. నేను దిగింది ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక బీమా ఆఫీసులో. పేరు అనవసరం. అక్కడ ఒకే అంతస్తులో రెండు లోకాలు ఉండేవి. కిటికీ వైపు మాకు నల్ల తెర మీద పచ్చ అక్షరాల టెర్మినళ్ళు. వాటి వెనకాల ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్. అందులో ఆఫీస్‌విజన్ అనే మెయిల్. పాతవాళ్ళు దాన్ని ఇంకా ప్రాఫ్స్ అనే పిలిచేవాళ్ళు, అది దాని పాత పేరు. తలుపు వైపు మేనేజర్లకీ, పర్సనల్ డిపార్ట్‌మెంటుకీ రంగుల తెరల పీసీలు, వాటిలో సీసీ మెయిల్. ఇటువాళ్ళు అటువాళ్ళకి ఉత్తరం రాస్తే మధ్యలో గేట్‌వే అని ఒక యంత్రం కూర్చుని అనువాదం చేసేది. మా బతుకంతా ఆ అనువాదకుడి చేతిలో ఉండేది.

ఎందుకు అనువాదం కావాలి, అక్షరం ఎక్కడైనా అక్షరమే కదా అంటారేమో. కాదు. కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక అంకె. 1963లో వచ్చిన ఆస్కీ అనే పట్టికలో పెద్ద ఏ అంటే 65. ఆ మర్నాడు ఏడాదే, 1964లో, ఐబీఎం తన సిస్టమ్ 360 యంత్రాలకి ఎబ్సిడిక్ అనే వేరే పట్టిక పెట్టుకుంది. అందులో పెద్ద ఏ అంటే 193. పీసీలు, యూనిక్స్ యంత్రాలు ఆస్కీ దారిలో పోయాయి, మెయిన్‌ఫ్రేమ్ ఎబ్సిడిక్‌లోనే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది. తమాషా ఏమిటంటే మెయిన్‌ఫ్రేమ్‌లో 64 అంటే ఖాళీ జాగా. ఆస్కీలో 64 అంటే @ గుర్తు. అనువాదం మరిచిపోయి ఫైలు పంపేస్తే ఇవతలివాడికి మాటలన్నీ పిచ్చి గీతలు, మధ్యలో ఖాళీలు ఉండాల్సిన చోటల్లా @@@@ అని బారులు. అది చూడగానే, ఆహా, ఇది మెయిన్‌ఫ్రేమ్ నుంచి పచ్చిగా వచ్చింది అని తెలిసిపోయేది.

ఇంకోటి, మెయిన్‌ఫ్రేమ్‌కి వాక్యం, పేరా అనేవి పట్టవు. దానికి తెలిసింది కార్డు. పాతకాలపు చిల్లుల కార్డులో 80 గళ్ళు ఉండేవి. కార్డులు పోయాక కూడా ఆ ఊహ పోలేదు. వీఎం అనే సిస్టమ్‌లో ప్రతి మనిషికీ లేని కార్డు పంచ్ యంత్రం ఒకటి, లేని కార్డు రీడర్ ఒకటి ఉన్నట్టు లెక్క. నేను మీకు ఉత్తరం పంపడం అంటే, నా ఊహా యంత్రంలో కార్డులు కొట్టి మీ ఊహా రీడర్‌లో పడేయడం. పీసీ మీద మేనేజర్ ఒక పేరా అంతా ఎంటర్ కొట్టకుండా ఒకే పొడుగు లైనుగా రాస్తే, గేట్‌వే మంచిదైతే 80కి లోపల విరగ్గొట్టి పంపేది. మంచిది కాకపోతే 80 తరవాతది గోవిందా. "మీ సెలవు మంజూరు చేయడమైనది" తరవాత "కానీ" అని ఏదైనా ఉంటే ఆ కానీ అవతలి గట్టునే ఉండిపోయేది.

పేర్ల గోల మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. ఆ నెట్‌వర్కులో మనిషి పేరుకి ఎనిమిది అక్షరాలు, యంత్రం పేరుకి ఎనిమిది అక్షరాలు. అంతే. స్మిత్, జోన్స్ అనేవాళ్ళకి హాయి. మన వెంకటసుబ్బారావు ఇంగ్లిషు అక్షరాల్లో ఎనిమిదికి తెగితే వెంకటస్. వెంకటసుబ్రహ్మణ్యం కూడా ఎనిమిదికి తెగితే అదే వెంకటస్. మా ప్రాజెక్టులో ఇద్దరూ ఉన్నారు! రెండోవాడికి చివర ఎస్ తీసేసి 1 తగిలించారు. ఒకరి టైమ్‌షీట్ రిమైండర్లు ఇంకొకరికి వెళ్ళడం మాకు మామూలైపోయింది. ఆ తరవాత వాళ్ళిద్దరూ రోజూ మధ్యాహ్నం కాంటీన్‌లో కూర్చుని ఉత్తరాలు మార్చుకునేవాళ్ళు, పోస్ట్‌మాన్ అక్కర్లేకుండా.

ఇక డాలర్ సంగతి. దీని కోసమే ఈ ఎపిసోడ్ పెట్టాను.

మా మిత్రుడొకడు, గుంటూరు జిల్లావాడు, అమెరికాలో ఉన్న కన్సల్టెన్సీ తరఫున మా దగ్గరికి డిప్యుటేషన్ మీద వచ్చాడు. కాంట్రాక్టు పొడిగిస్తూ గంటకి కొత్త రేటు ఎంతో అమెరికా మెయిన్‌ఫ్రేమ్ నుంచి నోట్ వచ్చింది. పచ్చ తెర మీద నేను కూడా చూశాను. గంటకి £35 అని శుభ్రంగా ఉంది. అప్పుడు పౌండుకి సుమారు 1.60 డాలర్లు. వాడు ఎగిరి గంతేశాడు. ఆ రాత్రే ఫోన్‌కార్డు కొని ఇంటికి చేశాడు. చెల్లెలి పెళ్ళికి గుంటూరులో కల్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చేయమన్నాడు, వడ్డీకి తెచ్చయినా సరే, మూడు నెలల్లో తీర్చేస్తానన్నాడు.

నెల తిరిగాక డబ్బు పడింది. గంటకి 35 డాలర్ల లెక్కన. అంటే 22 పౌండ్లు కూడా సరిగ్గా లేవు.

వాడు ఏజెంటుతో యుద్ధానికి దిగాడు. ఏజెంటు తన పీసీలో సీసీ మెయిల్ తెరిచి చూపించాడు. అదే నోట్, అదే తేదీ, అవే మాటలు. $35. వీడు ఏజెంటుని భుజం పట్టుకుని తన టెర్మినల్ దగ్గరికి లాక్కొచ్చాడు. £35. ఒకరినొకరు దొంగ అనుకుంటూ రెండు రోజులు గడిపారు. "ఒరేయ్, వీళ్ళు పీసీలో మార్చేశార్రా" అని వాడు నాతో అంటాడు. "మీవాడు టెర్మినల్‌లో దిద్దుకున్నాడు" అని ఏజెంటు మా మేనేజర్‌తో అంటాడు.

మూడో రోజు నేను ఆ నోట్‌ని ఎడిటర్‌లో తెరిచి, అక్షరాలు కాకుండా వాటి వెనక ఉన్న హెక్స్ అంకెలు చూపించమన్నాను. 35 ముందు ఉన్న గుర్తు 5బి. పౌండూ కాదు, డాలరూ కాదు, 5బి. ఎబ్సిడిక్ అనేది ఒకే పట్టిక కాదు, దేశానికొక రకం. అమెరికావాళ్ళ కోడ్ పేజీ 037. అందులో 5బి అంటే $. బ్రిటన్‌వాళ్ళ కోడ్ పేజీ 285. అందులో 5బి అంటే £. రెండు మెయిన్‌ఫ్రేమ్‌ల మధ్య ఉత్తరం ఏ అనువాదం లేకుండా అలాగే నడిచి వచ్చింది, ఇద్దరిదీ ఎబ్సిడిక్కే కదా అని. మా టెర్మినల్ దాన్ని బ్రిటిష్ పద్ధతిలో చదివింది. ఏజెంటుకి వెళ్ళిన కాపీ మాత్రం గేట్‌వే దాటింది. గేట్‌వేలో ఉన్నది అమెరికన్ పట్టిక. అది 5బి ని డాలర్ చేసి పీసీకి ఇచ్చింది. రాసినవాడు టైప్ చేసింది డాలరే.

ఎవరూ అబద్ధం ఆడలేదు. కానీ వడ్డీ మాత్రం నిజం. మావాడు రెండేళ్ళు శనివారాలు కూడా ఓవర్‌టైమ్ చేసి ఆ అప్పు తీర్చాడు. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది, దానికి లోటు లేదు. ఆ తరవాత మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టారు: డబ్బు గురించి రాసినప్పుడు గుర్తు వాడకూడదు, యుఎస్‌డి, జిబిపి అని మూడక్షరాల కోడ్ రాయాలి. మీరు ఇవాళ ఏ ఆఫర్ లెటర్ తీసుకున్నా ఇదే అడగండి. డాలర్ గుర్తు సింగపూర్‌దీ అదే, ఆస్ట్రేలియాదీ అదే. మన ₹ గుర్తు వచ్చింది 2010లో, దానికంటే పాత సిస్టమ్‌లు దాన్ని చూస్తే ఒక ఖాళీ డబ్బా గీస్తాయి. మూడు ఇంగ్లిషు అక్షరాలైతే ఏ పట్టికలోనూ మారవు.

సరే, అక్షరాల సంగతి ఇది. ఉత్తరానికి ఒక కవరు కూడా ఉంటుంది కదా, దాని సంగతి ఇంకో రకం. మెయిన్‌ఫ్రేమ్‌లు ఒకదానికొకటి ఫైళ్ళు పంపుకోవడానికి నెట్‌డేటా అని ఒక ఫార్మాట్ ఉండేది. ఐఎన్ఎంఆర్01 అని మొదలయ్యే కొన్ని వరసలు ముందు పెట్టి, ఫైలు పేరేమిటి, ఒక్కో రికార్డు పొడవెంత, ఎవరు పంపారు అని రాసి, తరవాత సరుకు పెట్టేది. గేట్‌వేకి ఆ కవరు విప్పడం రాకపోతే కవరుతో సహా పీసీ తెర మీద కుమ్మరించేది. పర్సనల్ డిపార్ట్‌మెంటు అమ్మాయి ఒకసారి నన్ను పిలిచి, "ఈ ఐఎన్ఎంఆర్ అనే ఆయన ఎవరు, రోజూ మెయిల్ పెడుతున్నాడు, ఇండియన్ పేరా?" అని అడిగింది.

డాక్యుమెంట్లయితే ఐబీఎంకి రెండు రూపాలు ఉండేవి. ఒకటి మళ్ళీ దిద్దుకోవడానికి వీలున్నది, ఆర్ఎఫ్‌టి. రెండోది అచ్చుకి సిద్ధంగా ఉన్నది, ఎఫ్ఎఫ్‌టి. మన భాషలో చెప్పాలంటే ఒకటి రుబ్బిన పిండి, రెండోది ఇడ్లీ. పిండి పంపితే అవతలివాడు ఉప్పు వేసుకుంటాడు, దోశ పోసుకుంటాడు. ఇడ్లీ పంపితే తినడమే. ఇప్పటి వర్డ్ ఫైలు, పీడీఎఫ్ ఫైలు తేడా ఇదే. అపాయింట్‌మెంట్ లెటర్ ఎప్పుడూ ఇడ్లీగానే రావాలి. పిండిగా పంపే ఏజెంటుని నేను నమ్మను. రేపు అందులో జీతం అంకె ఎవరు దిద్దారో మీరు నిరూపించలేరు.

ఇక బొమ్మలు, ప్రోగ్రాములు లాంటివి మెయిల్‌కి తగిలించాలంటే అసలు గొడవ. మెయిల్ దారులన్నీ మామూలు అక్షరాలకి మాత్రమే వేసినవి. అందుకని యూనిక్స్‌వాళ్ళు యూయూఎన్‌కోడ్ అని ఒక ఉపాయం వాడేవారు. ఏ ఫైలునైనా మామూలు గుర్తుల గుంపుగా మార్చి పంపడం, అవతల విప్పుకోవడం. బాగానే ఉంది కానీ ఆ గుర్తుల్లో ఖాళీ జాగా ఉంది, చదరపు బ్రాకెట్లు ఉన్నాయి, ^ ఉంది. ఎబ్సిడిక్ కోడ్ పేజీల్లో ఆ బ్రాకెట్లూ, ^ గుర్తూ దేశానికొక చోట కూర్చుంటాయి. లైను చివర ఖాళీలనైతే కార్డు మెయిల్ తోచినట్టు కత్తిరిస్తుంది, లేదా 80 దాకా నింపుతుంది. 1981లో సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్, యేల్ విశ్వవిద్యాలయాల మధ్య మొదలైన బిట్‌నెట్ అంతా చాలావరకు ఐబీఎం యంత్రాల మీదే నడిచింది. దాని గుండా వెళ్ళిన యూయూఎన్‌కోడ్ ఫైళ్ళు అవతల విప్పితే తుక్కు.

దీనికి పక్కా మందు 1992 జూన్‌లో వచ్చింది. నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు రాసిన మైమ్ అనే ప్రమాణం. అందులో బేస్64 అని ఒక పద్ధతి ఉంది. పెద్ద అక్షరాలు 26, చిన్న అక్షరాలు 26, అంకెలు 10, + ఒకటి, / ఒకటి. మొత్తం 64. చివర నింపడానికి = గుర్తు. ఇవే ఎందుకు ఏరుకున్నారో వాళ్ళే ఆ పత్రంలో రాశారు: ఎబ్సిడిక్‌లో ఎన్ని రకాలున్నా అన్నిటిలోనూ ఇవి మారకుండా ఉంటాయి కాబట్టి. లైనుకి 76 గుర్తులకి మించకూడదన్నారు, అంటే కార్డులో కూడా పడుతుంది. మూడు బైట్లు నాలుగు గుర్తులవుతాయి, కాబట్టి సరుకు బరువు మూడో వంతు పెరుగుతుంది. మీ ఫోన్ నుంచి 15 ఎంబీ ఫోటోలు పంపితే మెయిల్‌వాడు 20 ఎంబీ అని లెక్క కడతాడు చూడండి, ఆ అయిదు ఎంబీ ఈ పాత అప్పు తాలూకు వడ్డీ.

మన తెలుగు కూడా ఇలాగే ప్రయాణం చేస్తుంది. ఇప్పుడు వాడే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. బేస్64లో సరిగ్గా నాలుగు గుర్తులు. "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ. నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు, బేస్64లో పదహారు గుర్తులు. ఆ పదహారులో ప్రతి నాలుగింటి ముందూ 4, పెద్ద ఎల్ అనే జంట వస్తుంది, ఎందుకంటే తెలుగు గుర్తులన్నీ ఒకే పేటలో కాపురం ఉంటాయి. ఎప్పుడైనా పాడైన మెయిల్‌లో 4, ఎల్, 4, ఎల్ అని వరసగా కనబడితే పారేయకండి, లోపల తెలుగు ఉండవచ్చు. బేస్64 విప్పే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. నాకైతే ఇది భలే ఇష్టమైన సంగతి. తెలుగు అనే మాటే తెలియని ఆ పచ్చ తెర యంత్రం మీదుగా కూడా, ఒక్క అక్షరం చెడకుండా, అమ్మ అనే మాట దాటిపోగలదు.

జీతాల ఫైళ్ళ గురించి ఒక హెచ్చరిక. చాలా పెద్ద కంపెనీలు, బ్యాంకులు జీతాల లెక్క ఇప్పటికీ మెయిన్‌ఫ్రేమ్ మీదే చేస్తాయి. ఎప్పుడైనా ఆ ఫైలుని వండకుండా అలాగే మెయిల్‌కి తగిలిస్తే అంకె చివర ఒక వింత గుర్తు కనిపించవచ్చు. ఉదాహరణకి 01250}. దాన్ని 1250 అనుకోకండి. పాత కోబాల్ పద్ధతిలో గళ్ళు ఆదా చేయడానికి ప్లస్, మైనస్ గుర్తుని చివరి అంకె మీదే ఎక్కిస్తారు. } అంటే మైనస్‌తో కూడిన సున్నా. జె అంటే మైనస్ 1, కె అంటే మైనస్ 2, అలా ఆర్ దాకా పోతే మైనస్ 9. దశాంశ చుక్క ఫైలులో ఉండదు, రెండు స్థానాలు ఉన్నట్టు ఊహించుకోవాలి. అప్పుడు 01250} అంటే మైనస్ 125.00. అంటే మీకు ఇచ్చేది కాదు, కోత. ఇంకో రకంలో రెండేసి అంకెలు ఒక్కో బైటులో కుక్కుతారు. దాని మీద అక్షరాల అనువాదం నడిస్తే అంకెలు తిరిగి రావు, మళ్ళీ పంపమనడమే దారి.

బ్యాంకు డబ్బు సంగతి కూడా చాలామంది అడుగుతారు, ఇంటికి పంపినప్పుడు పేరు ఎందుకు తెగింది అని. అదీ ఈ కుటుంబమే. దేశాల మధ్య బ్యాంకులు ఎన్నో ఏళ్ళు వాడిన స్విఫ్ట్ సందేశంలో పేరు, చిరునామా కలిపి నాలుగు లైన్లు, లైనుకి 35 గుర్తులు. అందులో @, & లాంటివి రాకూడదు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు కలిపితే మనకి ఒక లైను చాలదు. అందుకే పాస్‌బుక్‌లో ఎలా ఉందో అలాగే, అదే వరసలో ఇవ్వండి.

ఇప్పుడు మస్కట్ తమ్ముడికి. ఆ ఫైలు టీఎన్ఈఎఫ్ అనే మైక్రోసాఫ్ట్ సొంత కవరు. అవుట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ అనే పద్ధతిలో మెయిల్ రాస్తే ఉత్తరం సోకులు, అటాచ్‌మెంట్లు అన్నీ దానిలో కట్టి పంపుతుంది. అవతల కూడా అవుట్‌లుక్ ఉంటే విప్పుకుంటుంది, అందుకే వాళ్ళకి బాగా కనబడుతోంది. నీ ఫోన్‌కి ఆ కవరు విప్పడం రాదు. నీ లెటర్ దాని లోపలే భద్రంగా ఉంటుంది, డిలీట్ చేయకు. వాళ్ళకి రెండు ముక్కలు రాయి: మెయిల్‌ని రిచ్ టెక్స్ట్‌లో కాకుండా హెచ్‌టీఎంఎల్‌లో గానీ ప్లెయిన్ టెక్స్ట్‌లో గానీ పెట్టి, లెటర్‌ని పీడీఎఫ్‌గా మళ్ళీ పంపమని. వాళ్ళు పంపకపోతే ఆ కవరు విప్పే యాప్‌లు ఉన్నాయి. కాకపోతే లోపల పాస్‌పోర్ట్ వివరాలుంటాయి కాబట్టి ఏదో తెలియని వెబ్‌సైట్‌లో ఎక్కించకు. కంప్యూటర్ తెలిసిన మనిషి చేత నీ ఎదురుగా విప్పించుకో.

చివరిగా ఒకటి. ఆఫీసు మెయిల్ మీది కాదు. వైట్‌హౌస్‌లో కూడా ప్రాఫ్స్ మెయిలే ఉండేది. 1986 నవంబరులో ఇరాన్ ఆయుధాల గొడవ బయటపడ్డప్పుడు ఆలివర్ నార్త్, జాన్ పాయిండెక్స్‌టర్ తమ నోట్లు వేలకొద్దీ చెరిపేశారు. బ్యాకప్ టేపుల్లో అవి దొరికాయి. చెరిపేశామనుకున్నవాళ్ళకి చెరగలేదు. మనకి దీనికి తిరగబడి జరుగుతుంది. ఉద్యోగం మానిన రోజు సాయంత్రానికి లాగిన్ పోతుంది, దాంతో పేస్లిప్పులు, రేటు ఒప్పుకున్న నోట్లు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అన్నీ అవతలి గట్టునే. టేపులో ఎక్కడో ఉంటాయి, కానీ వీసా ఆఫీసులో అడిగినప్పుడు మీ చేతిలో ఉండవు. ఉద్యోగంలో ఉండగానే మీవైన కాగితాలు హెచ్ఆర్‌ని అడిగి పీడీఎఫ్‌గా సొంత మెయిల్‌కి తెప్పించుకోండి. కంపెనీ రహస్యాలు మాత్రం ముట్టుకోకండి.

గుంటూరు మిత్రుడు ఇప్పుడు లండన్ దగ్గర ఉంటున్నాడు. ఈ ఎపిసోడ్‌లో తన సంగతి చెప్పడానికి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. ఆ నోట్ ప్రింటు ఇప్పటికీ దాచుకున్నాడట. ఏ తెర నుంచి తీసిన ప్రింటు అని అడిగితే, రెండూ ఉన్నాయన్నాడు.

వచ్చేవారం ఎండ్ ఆఫ్ సర్వీస్ డబ్బు లెక్క ఎలా కట్టాలో మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌లో పెట్టండి. ఉంటాను.